చాకీ పురుగుల టెస్ట్ డ్రైవ్

పెళ్ళయి డెబ్బై రెండు రోజులైంది. రాగి సంగటి నమలకుండా మింగడం అర్పితకు ఇరవయ్యో రోజున పట్టుబడింది. ఆవు తోక చెంపకు తగలకుండా తప్పుకోవడం ముప్పయ్యో రోజుకు వచ్చింది. మాలూరు ఫ్యాక్టరీ బస్సు దిగి, సందు మలుపులో భర్త శశికుమార్ దగ్గే దగ్గు జలుబు దగ్గు కాదని, అది తన కోసమేనని తెలియడానికి మాత్రం రెండు రోజులే పట్టాయి. ఆ దగ్గు వినపడగానే చేతిలో ఏ పని ఉన్నా ఆమె ముఖం ఒకసారి వెలుగుతుంది. అత్త పిల్లమ్మ అది చూసి, చూడనట్టు ఆవు వైపు తిరుగుతుంది.

ఇప్పుడా ఇంటికి కారు రాబోతోంది.

కదిరేపల్లె పక్కనుంచి చెన్నైకి కొత్త హైవే వేసినప్పుడు మామ ముత్యాలప్ప మల్బరీ తోటలో ఒక చెక్క దాని కింద పోయింది. అందుకు వచ్చిన డబ్బుతో మిద్దె కడతాడనుకున్నారు ఊళ్లోవాళ్ళు. బోరు వేస్తాడనుకున్నారు ఇంకొందరు. ఆయన గట్టు మీద నిలబడి, తన ఆకు తోట ఉన్నచోట సర్రున పోతున్న బండ్లను ఒక పూటంతా చూసి ఇంటికి వచ్చాడు.

"నా నేల మింద ఏసిన రోడ్డు అది," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. "దాని మింద పోతే మంచి బండిలోనే పోవల్ల. ల్యాకుంటే పోనే పోను."

మంచి బండి అంటే ఎంత మంచిదో తేల్చే పని ఇంజనీరు కొడుకు మీద పడింది. శశికుమార్‌కు అంతకన్నా పండగ ఏముంటుంది? ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక తయారైంది. ఇంజను, మైలేజీ, టర్నింగు, ఎయిర్‌బ్యాగులు, కింద ఎంత ఎత్తు, డిక్కీలో ఎన్ని సంచులు. మొత్తం ముప్పై నాలుగు వరసలు. ఒకే కంపెనీవి మూడు బండ్లు మిగిలాయి. ఒకటి ఏడుగురు కూర్చునే పెద్ద ఎస్‌యూవీ. మిగతా రెండూ క్రాసోవర్లు.

"రెండు రకాలూ ఒగే మాదిరి కనపడతా ఉండాయి కదరా," అన్నాడు ముత్యాలప్ప ఫోనులో బొమ్మలు చూస్తూ. "తేడా యాడుండాది?"

"ఎస్‌యూవీ అంటే లారీ మాదిరి గట్టి చట్రం ఉంటాది నాయినా, దాని మింద బాడీ కూచోబెడతారు. క్రాసోవర్ అంటే అడుగున కారే. ఎత్తు పెంచి, ఒళ్ళు పెంచి, చూసేదానికి ఎస్‌యూవీ మాదిరి చేసింటారు."

పిల్లమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది. "అంటే నాటావు ఒగటి, క్రాసావు ఒగటి."

ఆలోచిస్తే అంతకన్నా బాగా చెప్పడం శశికుమార్‌కూ చేతకాదు.

"నాటావు గట్టిది," అన్నాడు ముత్యాలప్ప. "క్రాసావుది సుకమైన ఒళ్ళు. ఇంగ చూస్తాము రా."

అప్పటినుంచి ఆ ఇంట్లో కార్లకు కంపెనీ పెట్టిన పేర్లు పోయాయి. ఎస్‌యూవీ నల్లది. క్రాసోవర్లలో ఒకటి బూడిదది, ఒకటి తెల్లది. ఆవులను పిలిచినట్టే పిలిచారు.

కంపెనీ తరఫున వచ్చే అమ్మాయి పేరు నేత్రావతి. ఊరు కోలారే, ఉద్యోగం బెంగళూరులో. నల్ల కోటు, చేతిలో ట్యాబు, పలకరిస్తే నవ్వు. మొదటి ఆదివారం నల్లదాన్ని తెచ్చింది. శశికుమార్ నడిపాడు, ముత్యాలప్ప పక్కన కూర్చున్నాడు, అత్తాకోడళ్ళు వెనక. మరుసటి ఆదివారం బూడిదది వచ్చింది. మళ్ళీ శశికుమార్, మళ్ళీ ముత్యాలప్ప, మళ్ళీ వెనక.

రెండుసార్లూ అర్పితకు కనపడింది శశికుమార్ ఎడమ చెవి. మంచి చెవే. డెబ్బై రెండు రోజులుగా ఆమెకు ఇష్టమైన చెవే. కానీ చెవిని చూసి కారు ఎలా ఉందో ఎవరు చెప్పగలరు?

అసలు సంగతేమంటే, అర్పితకు కారు నడపడం వచ్చు. రాబర్ట్‌సన్‌పేటలో బడిపంతులైన తండ్రి నంజుండప్ప ఆమెకు కాలేజీ రెండో ఏట నేర్పించాడు. పాత బంగారు గనుల సైనైడు దిబ్బల పక్క రోడ్డు మీద, పాత మారుతిలో, ఎక్కుడు దగ్గర ఆపి, వెనక్కి జారకుండా కదిలించమనేవాడు. జారితే తిట్టేవాడు కాదు, పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. దానికన్నా తిట్టడమే మేలనిపించేది ఆమెకు. అలా ఆరేళ్ళ కిందట లైసెన్సు వచ్చింది. ఈ సంగతి నిశ్చితార్థం తరువాత ఫోనులో శశికుమార్‌కు చెప్పింది కూడా. "సూపర్," అన్నాడు. అంతకు ముందు నిమిషం, బడిలో తనకు ముగ్గుల పోటీలో బహుమతి వచ్చిందని చెప్పినప్పుడూ సరిగ్గా అదే గొంతుతో "సూపర్" అన్నాడు.

పోనీ, ఇప్పుడు మళ్ళీ చెప్పవచ్చు కదా. చెప్పడానికి నోరు లేక కాదు. కొత్త కోడలు మొదటిసారి అడగడమంటే ఏ మల్లెపూలతోనో, గాజులతోనో మొదలుపెట్టాలి. అడగడం కొంచెం అలవాటు కావాలి. మొట్టమొదటే అంత పెద్ద బండి తాళంచెవి అడిగితే ఎలా ఉంటుంది? అందుకని పక్కదారిలో ప్రయత్నించింది. బుధవారం మధ్యాహ్నం శశికుమార్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఇద్దరూ చేటలో వేరుశనక్కాయలు పెట్టుకుని గడప మీద కూర్చున్నారు.

"శశీ, నీ పట్టికలో సీటు ఎత్తు ఉండాదా?"

"ఉండాది. పదమూడో వరస."

"ఎవురికి సరిపోతాదని చూసినావు?"

"నాకే. నడిపేది నేనే కదా."

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు ఇంగెవురన్నా నడిపితే?"

"పాపన్న నా ఎత్తే ఉంటాడు," అన్నాడు శశికుమార్, కాయ ఒలుస్తూ.

అర్పిత చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. "పాపన్న ఎవురు?"

"పాల వ్యాను నడుపుతా ఉండె కదా, ఆ పాపన్న. వారమంతా పగలు నేను మాలూరులో ఉంటాను. బండి షెడ్డులో నిలిపేదానికా కొనేది? నాయిన మాట్లాడినాడు. ఆదివారం బుకింగు చేసినామంటే సోమవారం ఆయప్పకు చెప్పేస్తాడు."

అర్పిత వేరుశనగ తొక్క తీసి అతని చెవి మీదికి విసిరింది. అతను అది ప్రేమ అనుకుని నవ్వాడు. కొంత ప్రేమే. అంతా కాదు.

అంటే మిగిలినవి నాలుగు రోజులు. ఆదివారం దాటితే ఆ సీటు పాపన్నది. ఆ తరువాత ఎంత అడిగినా, ఒక మనిషి పని తీసేయమని అడిగినట్టవుతుంది. వెనక సీటు, పక్కన అత్త, ముందర ఒక చెవి, ఈసారి పాపన్నది. ఆ రాత్రి ఆమె సంగటి నమిలి తిన్నది.

మరునాడు గురువారం. ఆ ఇంటికి గురువారం రెండు పనులున్నాయి. ఒకటి, తెల్లది టెస్ట్ డ్రైవ్‌కు వస్తుంది. రెండు, చాకీ వస్తుంది.

చాకీ అంటే పసి పట్టుపురుగులు. గుడ్లు పగిలిన దగ్గరనుంచి వాటిని పెంచే సెంటరు ముళబాగిలు దారిలో ఉంది. రైతులు అక్కడినుంచి పురుగులను రెండో జ్వరంలో ఉండగా ఇంటికి తెచ్చుకుంటారు. పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, తపస్సు చేస్తున్నట్టు కదలకుండా నిలబడుతుంది. దాన్నే జ్వరమంటారు. ఆ సమయంలో ఎండ తగలకూడదు, కుదుపు తగలకూడదు, మందుల వాసన అసలే తగలకూడదు. అందుకే పొద్దున్నే, చల్లగా ఉండగానే తేవాలి.

పొద్దున అయిదున్నరకు మొదటి దెబ్బ పడింది. ఫ్యాక్టరీలో ఎవరో రాలేదని శశికుమార్‌ను మొదటి షిఫ్టుకు రమ్మన్నారు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బస్సుకు పరుగెత్తాడు. "తెల్లదాన్ని మీరు చూసి పెట్టండి, నేను ఆదివారం షోరూంలో నడుపుతాను," అని సందు చివరనుంచి కేకేశాడు.

ఆరు గంటలకు రెండో దెబ్బ. ఏడాదికి అయిదారుసార్లు చాకీ తెచ్చే ఆటో ఆవులప్ప, ఆటో లేకుండా నడిచి వచ్చాడు.

"ఏమప్పా, బండి యాడ?" అన్నాడు ముత్యాలప్ప.

"ఇంటి దగ్గరే ఉండాది అన్నా. నేను రాను." ఆవులప్ప తల గోక్కున్నాడు. "నిన్న మా బామ్మర్ది టమాటా తోటకి మందు డబ్బాలు ఏసుకొచ్చినా. ఒగటి కారిపోయినాది. కడిగినాను, రెండు సార్లు కడిగినాను. అయినా నీ పురుగుల ఉసురు నాకొద్దు."

ముత్యాలప్ప ఆవులప్పను ఏమీ అనలేదు. చెప్పకుండా వచ్చి ఉంటే పంటంతా పోయేది. ట్రాక్టరులో తెద్దామంటే కుదుపు. ఊళ్లో ఉన్న ఒక్క కారూ తిరుపతికి పోయింది. ఆయన వాకిట్లో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడుస్తుండగా, మెల్లగా, శబ్దం లేకుండా, పాలలాగా తెల్లది వచ్చి వాకిట్లో నిలిచింది.

నేత్రావతి దిగి నమస్కారం పెట్టేలోపల ముత్యాలప్ప వెనక తలుపు తీసి సీటు నొక్కి చూస్తున్నాడు.

"దీంట్లో వెనకోళ్ళకి వేరే ఏసీ ఉండాదంటివే?"

"ఉంది అంకుల్. వెనక టెంపరేచర్ వెనకే సెట్ చేసుకోవచ్చు."

"ఇరవై అయిదు పెడితే ఇరవై అయిదే నిలుస్తాదా?"

"నిలుస్తాది అంకుల్."

"సరే, పదా. చాకీ తెచ్చుకుందాము."

సంగతి అర్థం కావడానికి నేత్రావతికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖంలో నవ్వు పోయింది. "అయ్యో, డెమో బండి అంకుల్. లగేజి ఎక్కించకూడదు."

"లగేజి కాదమ్మా. పురుగులు."

"అదే అంకుల్, ఏదైనా..."

"లగేజికి జ్వరమొస్తాదా? వీటికి వచ్చిండాది. రెండో జ్వరం. జ్వరమొచ్చిన బిడ్డల్ని పట్టుకొని లగేజి అంటావే తల్లీ."

నేత్రావతి ట్యాబు వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. కోలారు పిల్ల. వాళ్ళ అవ్వ ఇంట్లోనూ పురుగులు పెంచేవాళ్ళు. "టెస్ట్ డ్రైవ్‌లో ఇంట్లోవాళ్ళు ఎవరైనా రావచ్చు," అంది చివరకు, ఒక్కో మాటా తూచుకుంటూ. "వాళ్ళు ఒళ్ళో ఏం పెట్టుకున్నారని నేనడగను. కానీ నడిపేది కస్టమరే ఉండల్ల, లైసెన్సు చూపించల్ల. నేను నడిపితే అది టెస్ట్ డ్రైవ్ కాదు, బాడుగ. సార్ లేరు కదా. మీకుందా అంకుల్?"

"ట్రాక్టరుకి లైసెన్సు ఎవురడుగుతారు," అన్నాడు ముత్యాలప్ప. అంటే లేదని.

"నాకు ఉండాది మామా," అంది అర్పిత.

అదే సమయానికి ఆవు అరిచింది. ఎవరికీ వినపడలేదు. ఒకసారి అనడమే కష్టమైంది, ఇప్పుడు రెండోసారి అనాలి.

"లైసెన్సు. నాకు ఉండాది."

పిల్లమ్మ పాలచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నీకా? ఎప్పట్నుంచి?"

"ఆరేండ్లయినాది అత్తా."

"మరి చెప్పలేదేమే?"

"ఎవురూ అడగలేదు."

ముత్యాలప్ప కోడలి వైపు చూడలేదు. తూర్పున గుట్ట మీద సూర్యుడు ఎంత పైకి వచ్చాడో చూశాడు. "తెచ్చుకో పో," అన్నాడు.

అర్పిత లోపలికి పరుగెత్తింది. పెళ్ళి పెట్టెలో, పట్టుచీర మడతల్లో ఉంది లైసెన్సు. అందులోని ఫొటోలో రెండు జడలు. ఆ రెండు జడల పిల్ల తనను చూసి కన్ను కొట్టినట్టనిపించింది.

బయటికి వచ్చేసరికి మరో గొడవ నడుస్తోంది. కారులో సెంటు సీసా ఉంది. ముత్యాలప్ప దాన్ని తీసి దిబ్బ మీద పెట్టించాడు. తరువాత నేత్రావతి వైపు ముక్కు ఎగబీల్చాడు. "నువ్వూ పూసుకున్నావే." పిల్లమ్మ ఆ పిల్లను కొళాయి దగ్గరకు తీసుకుపోయి మెడా చేతులూ కడిగించి, కోటు విప్పించి, ఉతికిన తుండు భుజాల మీద కప్పింది. నాలుగు కిటికీలూ పావుగంట తెరిచి పెట్టారు. ఆ పావుగంటలో అర్పిత సీటులో కూర్చుని, మీట నొక్కి, సీటును పైకి లేపుకుంది. అది ఆమెను మోస్తున్నట్టుగా మెల్లగా లేచింది. ఆమె ఇంకొంచెం లేపుకుంది. అవసరం లేకపోయినా కిందికి దించి, మళ్ళీ లేపుకుంది.

పోయేటప్పుడు బండి ఖాళీ కాబట్టి చేయి కుదిరింది. మేకల మంద అడ్డం వస్తే, ఒక్కో మేకకూ ఒక్కో కూత పెట్టింది బండి. గీత దాటితే స్టీరింగు సన్నగా వణికి గుర్తు చేసింది. అసలు గీతే లేని రోడ్డులో దానికి ఏ గీత కనపడిందో. "బాగా భయస్తురాలు ఇది," అంది అర్పిత. నేత్రావతి తుండులోంచి నవ్వింది.

వచ్చేటప్పుడు మాత్రం నవ్వు లేదు. వెనక సీటులో ట్రేల దొంతర. ముత్యాలప్ప పక్కన కూర్చుని, ఒక చేయి వాటి మీద, ఒక చేయి ముందు సీటు మీద పెట్టాడు. సెంటరు నుంచి ఊరికి పధ్నాలుగు కిలోమీటర్లు, తొమ్మిది హంపులు.

"హంపుండాది," అన్నాడు ముత్యాలప్ప, హంపు ఇంకా అర ఫర్లాంగు దూరంలో ఉండగానే.

"చూసినాను మామా."

తండ్రి నేర్పిన మాటలు కాళ్ళలోకి వచ్చాయి. ముందే వేగం చంపు. దగ్గరకు పోయి బ్రేకు తొక్కితే బండి ముక్కు వంచుతుంది. ముక్కు వంచకుండా ఎక్కించు, పీల్చిన ఊపిరి విడిచినట్టు దింపు. తెల్లది ఎక్కింది, దిగింది. రెండో హంపు దగ్గరా ముత్యాలప్ప "హంపు" అన్నాడు. మూడోదాని దగ్గర "హం" అని ఊరుకున్నాడు. నాలుగోదాని దగ్గరనుంచి వెనకనుంచి మాటే లేదు. ముందు సీటు మీద ఉన్న ఆయన చేయి కూడా ఎప్పుడో పోయింది. అర్పిత అద్దంలో చూసింది. మామ కాళ్ళు చాపుకుని కిటికీలోంచి ఎవరి తోటలో ఆకు ఎలా ఉందో చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక, పురుగుల షెడ్డులో ముత్యాలప్ప కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ట్రే మీది కాగితం ఎత్తాడు. పురుగులన్నీ తలలెత్తి, ఎక్కడివక్కడ, ఎలా ఉన్నవి అలాగే నిలబడి ఉన్నాయి. ఆయన చివరి ట్రే మూసి బయటికి వచ్చాడు. అర్పిత తలుపు దగ్గరే నిలబడి ఉంది. చేతులకంటిన దుమ్ము చీర కొంగుతో తుడుచుకుంటోంది.

"బండి బలే ఉండాది," అన్నాడు ముత్యాలప్ప పిల్లమ్మతో. "ఒగ పురుగన్నా కదల్లేదు. ఇంగ చూసేదేముండాది, తెల్లదే తీసుకుందాము. పాపన్నకి ఈ పొద్దే ఒగ మాట ఏసేస్తాను."

అర్పిత కొంగులోంచి చేతులు తీసి చూసుకుంది. పధ్నాలుగు కిలోమీటర్లు, తొమ్మిది హంపులు. మెప్పంతా బండి కొట్టేసింది. అది వాకిట్లో ఏమీ ఎరగనట్టు తెల్లగా నిలబడి ఉంది.

సాయంత్రం శశికుమార్ వచ్చి, జరిగింది విని, ముందు నోరు తెరిచాడు, తరువాత ల్యాప్‌టాప్ తెరిచాడు. "నువ్వు నడిపినావా? నాకన్నా ముందే నడిపేసినావా?" అన్నాడు. గొంతులో కొంచెం ఉక్రోషం, చాలా సంబరం. "సరే, తెల్లదానికి సుకం వరసలో పదికి పది వేస్తాను."

"ఎట్లేస్తావురా?" అంది పిల్లమ్మ.

ఆమె పాలు వడకడుతోంది. తల ఎత్తలేదు.

"నాయిన చెప్పినాడు కదమ్మా, పురుగు కదల్లేదని."

"నల్లది నువ్వు నడిపితివి. బూడిదది నువ్వు నడిపితివి. దీన్ని కోడలు నడిపినాది. సీమావుని నేను పితికితే ఎన్ని పాలిస్తాది? మీ నాయిన పితికితే ఎన్నిస్తాది?"

"నేను పితికితే తంతాది," ఒప్పుకున్నాడు ముత్యాలప్ప.

"మరింగ? రెండావుల్ని బేరం చేసేటప్పుడు పితికే చెయ్యి ఒగటే ఉండల్ల. పురుగు కదలంది బండి వల్లనా, చెయ్యి వల్లనా, ఎట్ల తెలిసినాది మీకు?"

శశికుమార్ పట్టిక వైపు చూశాడు. ముప్పై నాలుగు వరసలు. ఫ్యాక్టరీలో ఇలాంటి పరీక్ష ఎవరైనా చేసుకొస్తే అతనే చింపి పారేస్తాడు. "అమ్మ చెప్పేది నిజమే నాయినా," అన్నాడు మెల్లగా. "ఇట్ల చెల్లదు. మూడూ ఒగే చేత్తో నడిపి చూడల్ల."

"ఎవురి చేత్తో?" అన్నాడు ముత్యాలప్ప.

పిల్లమ్మ వడకట్టిన పాలు పొయ్యి మీద పెట్టి, మొట్టమొదటిసారి తల ఎత్తింది. "పురుగుల్ని ఎవురు తెచ్చినారో ఆ చెయ్యే."

ఆదివారం పొద్దున పురుగులకు ఆకు వేసి, మధ్యాహ్నపు ఆకు పక్కింటి చిన్నన్నకు అప్పజెప్పి, నలుగురూ షోరూంకు పోయారు. జ్వరం వదిలిన పురుగులు ఆకలి మీద ఉన్నాయి కాబట్టి పరీక్షకు రాలేవు. వాటికి బదులు పిల్లమ్మ ఇత్తడి చెంబు తెచ్చింది. అంచు దాకా నీళ్ళు నింపి ఒళ్ళో పెట్టుకుంటానంది. మజ్జిగ అనలేదు కదా అని నేత్రావతి దేవుడికి దండం పెట్టుకుంది.

ముందు నల్లది. సీట్లో కూర్చుంటే అర్పితకు దారిలోని ఆటోల పైకప్పులన్నీ కనపడ్డాయి. మిద్దె మీద కూర్చుని మిద్దెను తోలుకుపోతున్నట్టుంది. ఆమెకు నవ్వాగలేదు, పైకే నవ్వేసింది. వెనక సీటులో మొదటిసారి కూర్చున్న శశికుమార్, వంగి ఆమె ముఖం చూడబోయి అందక, చివరకు ఆమె చెవి చూస్తూ ఉండిపోయాడు. రెండు హంపులకు చెంబు నీళ్ళు పిల్లమ్మ చీర మీద చిలికాయి. తరువాత బూడిదది. దాని వెనక కప్పు వాలుగా ఉంది. ఎక్కేటప్పుడు పిల్లమ్మ కొప్పు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తగిలింది. నీళ్ళు చిలకలేదు కానీ ఆమె మాటలు చిలికాయి. తరువాత తెల్లది. అదే దారి, అవే హంపులు. చెంబు చెంబులాగే ఉంది.

"ఇంగ ఒగటి మిగిలినాది," అన్నాడు ముత్యాలప్ప. "తెల్లదాన్ని వీడు నడపల్ల."

శశికుమార్ ధీమాగా స్టీరింగు పట్టాడు. మొదటి హంపు దగ్గర బాగానే తగ్గించాడు. తగ్గించడం ఒక గజం ఆలస్యమైంది. వెనకనుంచి మళ్ళీ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుతున్న శబ్దం వినపడింది.

"అప్పటికి బండీ బాగుండాది, చెయ్యీ బాగుండాది," అని తేల్చాడు ముత్యాలప్ప, షోరూం ముందు దిగి. అప్పుడాయన కోడలి వైపు తిరిగాడు. "నీకు యాది నచ్చినాది? నిజం చెప్పమ్మా."

అర్పిత నల్లదాన్ని చూసింది. ఆ ఎత్తు, ఆ ఆటోల పైకప్పులు. "నవ్వు నల్లదాంట్లో వచ్చినాది మామా," అంది. "చెంబు తెల్లదాంట్లో నిలిచినాది."

"మనకి యాది కావల్ల?"

"చెంబే మామా. నవ్వు నాకు దేంట్లోనైనా వస్తాది."

శశికుమార్ అందరి ముందరా ఆమె వైపు చూసి దగ్గాడు. పిల్లమ్మ చూడనట్టు అటు తిరిగింది.

నేత్రావతి కాగితాలు తెచ్చేలోపల ముత్యాలప్ప ఫోను తీశాడు. "పాపన్నా, నేనప్పా. డ్రైవరు పని అనింటిని కదా, అది వద్దులే. ఇంట్లోనే ఉండారు. ఆ, మా కోడలు." అవతలనుంచి ఏమన్నాడో గానీ, "నీ కన్నా బాగా," అని ఫోను పెట్టేశాడు.

అర్పిత అప్పటికే మళ్ళీ ఎక్కి తెల్లదాని స్టీరింగు ముందు కూర్చుంది. ఎవరూ దిగమనలేదు, ఆమె దిగలేదు. ఇంట్లో డ్రైవరు ఉన్నారన్న మాట పిల్లమ్మకు అప్పుడే పూర్తిగా ఎక్కింది. ఆమె కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది.

"అట్లయితే బండి ఇంటికి రాగానే, సోమవారం నంగలికి పోదాము, మా చెల్లెలింటికి. మూడేండ్లయినాది పోయి. మంగళవారం ఆస్పత్రికి, నా మోకాలు. బుధవారం కోలారులో మన ఎదురింటి లక్ష్మీదేవమ్మ మనవరాలి నామకరణం, ఆయమ్మనీ ఎక్కించుకోవల్ల. గురువారం మీ అమ్మోళ్ళింటికి, నేనూ వస్తాను, పేటలో చీరలు బాగుంటాయంట. శుక్రవారం..."

"అత్తా," అంది అర్పిత. ఈసారి ఏ ఆవూ అడ్డం అరవలేదు. "అన్నిటికీ పోదాము. ముందు ఒగసారి మాత్రం మేమిద్దరమే పోయొస్తాము."

"యాడికి?"

"యాడికీ కాదు. సుమ్నే, ఊరికే. కొత్త హైవే మింద కొంచెం దూరం పోయి, తిరుక్కొని వచ్చేస్తాము."

"పని లేకుండా పోయేదానికి అంత డీజిలా?" అంది పిల్లమ్మ.

ముత్యాలప్ప జేబులోంచి కళ్ళజోడు తీసి, నేత్రావతి ఇచ్చిన కాగితం దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. చదవడం ఆపలేదు.

"పోనీలే," అన్నాడు. "పొద్దున ఆకేసి పోండి."